ఏమిచ్చాడు, ఎవరికిచ్చాడు

నా ఇంగ్లీషు బాగుంటుందని అంటారు. ఎవరు నేర్పారు సార్ అని అడుగుతారు. అడిగినవాళ్ళ తప్పేం లేదు గానీ, అడిగినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. పళ్ళు కొరుక్కుని "మా పంతులు" అని ఊరుకుంటాను. ఆయన్ని తలుచుకోవడం ఇష్టం లేక అంతటితో ఆపేస్తాననుకునేరు. తలుచుకోని రోజు లేదు.

బతుకంతా నేనూ ఆయన చేసిన పనే చేశాను. బళ్ళల్లో ఇంగ్లీషు చెప్పాను. ఒకే వాక్యంలో రెండు ఆబ్జెక్టులు వచ్చే పాఠం ఒకటి ఉంటుంది. ఒకరు ఒకరికి ఒకటి ఇచ్చారు, అనే తరహా వాక్యాలు. క్రియను పట్టుకుని 'ఏమి' అని అడిగితే వచ్చే జవాబు డైరెక్ట్ ఆబ్జెక్టు, 'ఎవరికి' అని అడిగితే వచ్చేది ఇన్‌డైరెక్ట్ ఆబ్జెక్టు. ఇంతకు మించి అందులో ఏమీ లేదు. పుస్తకాలన్నిట్లో ఈ పాఠానికి 'గివ్' అనే మాటతోనే ఉదాహరణలు ఉంటాయి. నేను ఒక్కనాడు కూడా ఆ మాటతో చెప్పలేదు. చూపించింది, పంపాడు, నేర్పింది, కథ చెప్పాడు, వీటితోనే లాక్కొచ్చాను. ఒకసారి ఒక అమ్మాయి లేచి, "సార్, పుస్తకంలో అంతా గివ్ అనే ఉంది, మీరెందుకు చెప్పరు?" అని అడిగింది. కూర్చోమని గట్టిగా అరిచాను. పాపం, ఆ పిల్ల ఏడ్చింది. నేను అరిచింది ఆ పిల్ల మీద కాదని ఆ రోజు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తాను.

మాది అర్ధవీడు వైపు ఒక ఊరు. ఊరికి అవతల, వాగు దాటాక మా పల్లె. పల్లె పల్లెంతా కిరస్తానంలో కలిసినవాళ్ళమే. అప్పట్లో మేం మద్రాసు ప్రెసిడెన్సీ కింద, కర్నూలు జిల్లాలో ఉండేవాళ్ళం. వానలు పడి పైరున్న నాలుగు నెలలూ మా నాయనా అమ్మా ఊళ్ళో కాపుల పొలాల్లో కూలికి పోయేవాళ్ళు. మిగతా రోజులు మార్కాపురం పక్కన పలకల గనుల్లో పని. నాయన ఉలి పెట్టి రాయిని పొరలు పొరలుగా చీల్చేవాడు. ఆ రాయే పలకలై ఎక్కడెక్కడి పిల్లల చేతుల్లోకో పోయేది. నాయనకు మాత్రం ఒక్క అక్షరం రాదు.

ఒక సంగతి ముందే చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మా పల్లెలో పిల్లలకు నడక వచ్చాక నేర్పే మొదటి విద్య చేతులు పట్టడం. దుకాణంలో బెల్లమ్ముక్క కొన్నా, కాపుల పెరట్లో మజ్జిగ పోసినా, దాహానికి నీళ్ళడిగినా, నడుం వంచి, రెండు చేతులూ దోసిలి చేసి, మోకాళ్ళ కిందికి పట్టాలి. ఇచ్చేవాళ్ళు పైనుంచి వదులుతారు. వాళ్ళ చేతికీ మన చేతికీ మధ్య మూరెడు ఎడం ఉండాలి. నాకు ఐదేళ్ళప్పుడు దుకాణం ముందు చేతులు కాస్త పైకెత్తానని మా అమ్మ అక్కడే వీపు మీద చరిచింది. "కిందికి పట్టు రా, ఇంకా కిందికి" అన్నది. అమ్మ మీద నాకు కోపం లేదు. అమ్మ చరిస్తే నా వీపు ఒక్కటే మండుతుంది. దుకాణం వాడి చేతికి నా వేలు తగిలితే మా ఇంటిల్లిపాదికీ మండేది. అట్లా అది నా ఒంట్లోకి దిగిపోయింది. ఎవరైనా చెయ్యి చాపి ఏదైనా ఇవ్వబోతే, నేను ఆలోచించే లోపలే నడుం వంగేది, చేతులు కిందికి పోయేవి.

పల్లెలో మిషను బడి ఐదో తరగతి దాకా ఉండేది. మందిరంలో వాక్యమూ బడిలో పాఠమూ చెప్పే ఉపదేశి నా చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించాడు. ఐదు అయ్యాక, ఈ పిల్లోడికి చదువు వస్తుంది, ఆపొద్దని నాయనకు చెప్పి, గిద్దలూరు పోయే రైలు మార్గంలో ఉన్న ఒక ఊళ్ళో బోర్డు హైస్కూల్లో చేర్పించాడు. ఆ ఊరి పేరు చెప్పను. ఏ ఊరి పేరు చెప్పినా ఆ ఊరివాళ్ళు అది మా బడి కాదంటారు. అక్కడ మిషను వాళ్ళ చిన్న హాస్టలు ఉండేది. దాన్ని చూసే పాస్టరు గారిని మేం అయ్యగారు అనేవాళ్ళం. మా పల్లెల నుంచి వచ్చిన పిల్లలం నలుగురం అక్కడే తిని, అక్కడే పడుకుని బడికి పోయేవాళ్ళం.

నాయన ఒకటే మాట చెప్పి పంపాడు. "నాలుగో ఫారంలోకి పోతే సదువుకో రా. తప్పినావంటే గనిలోకి రా. మధ్యలో ఊగులాడొద్దు." హాస్టలు వాళ్ళదీ అదే కట్టుబాటు. మూడో ఫారం, అంటే ఇప్పటి ఎనిమిదో తరగతి, దాటినవాళ్ళకే కూడూ చోటూ. తప్పితే సంచి సర్దుకోవాల్సిందే. అప్పటికే నాయనకు గని దుమ్ముకు దగ్గు పట్టుకుంది. ఆ దగ్గు నాకు బాగా తెలుసు. అందుకే మూడో ఫారం నాకు ప్రాణం మీది పరీక్ష లాంటిది.

సర్కారు బళ్ళల్లో అన్ని కులాల పిల్లల్నీ చేర్చుకోవాలని ఉత్తరువు ఉంది కాబట్టి నన్ను చేర్చుకున్నారు. ఎక్కడ కూర్చోబెట్టాలో ఉత్తరువులో లేదట. ఆ తరగతిలో మావాళ్ళలో నేనొక్కణ్ణే, తలుపు పక్కన విడిగా ఒక పీట వేశారు. ఎండాకాలం ఎండా, వానాకాలం జల్లూ రెండూ నా మీదే పడేవి. లెక్కల పంతులు నా పలక చూడాలంటే నేను దాన్ని నేల మీద పెట్టి పక్కకు తప్పుకోవాలి. ఆయన మెడ సాచి చూసి, బెత్తం కొసతో తప్పు ఎక్కడుందో చూపించేవాడు. ఆ పలక మా నాయన గని రాయే. రాయికి లేని మైల దాని మీద రాసినవాడికి ఎక్కడి నుంచి వచ్చిందో ఆ లెక్క ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

మూడో ఫారంలో కొత్త ఇంగ్లీషు పంతులు వచ్చాడు. గుంటూరు వైపు మనిషి, ట్రైనింగు కాలేజీలో చదివినవాడు. మంచి పంతులు. ఈ మాట రాస్తుంటే నాకు చెయ్యి పీకుతోంది గానీ అబద్ధం రాయను. అంతకు ముందు ఇంగ్లీషంటే పుస్తకంలో పేరా బట్టీ పట్టి అప్పజెప్పడం. ఈయన పుస్తకం మూసేయించాడు. చేతల్తో నేర్పాలి, నోటితో పలికించాలి, తెలుగు రానివ్వకూడదు, అదీ ఆయన పద్ధతి. ఒక రేకుపెట్టెలో నిమ్మకాయలు, సిరాబుడ్డి, గొడుగు, తాళంచెవి, ఇట్లాంటివన్నీ తెచ్చేవాడు.

రెండు ఆబ్జెక్టుల పాఠం ఎట్లా చెప్పాడంటే, ఒక్కొక్కణ్ణీ ముందుకు పిలిచి, వాడి చేతిలో నిమ్మకాయ పెట్టి, "ఐ గివ్ యూ ది లెమన్" అనేవాడు. వాడు తీసుకుని, "యూ గివ్ మీ ది లెమన్" అనాలి. మిగతా తరగతంతా ఒక్క గొంతుతో, "హీ గివ్స్ హిమ్ ది లెమన్" అనాలి. అప్పుడు పంతులు వేలెత్తి, ఏమిచ్చాడు అని ఇంగ్లీషులో అడిగేవాడు. నిమ్మకాయ! ఎవరికిచ్చాడు? వాడికి! మొదటిది డైరెక్టు, రెండోది ఇన్‌డైరెక్టు. తరగతి తిరునాళ్ళలా ఉండేది. ఆ వారంలో మొద్దు పిల్లలకు కూడా ఆ పాఠం వచ్చేసింది.

నా వంతు వచ్చేసరికి తిరునాళ్ళ ఆగిపోయేది. తలుపు దగ్గర ఒక ముక్కాలిపీట ఉండేది. పంతులు నిమ్మకాయ దాని మీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి, "ఐ గివ్ యూ ది లెమన్" అనేవాడు. నేను పోయి తీసుకుని, "యూ గివ్ మీ ది లెమన్" అని గట్టిగా అనేవాణ్ణి. నేను ముట్టుకున్న నిమ్మకాయ మళ్ళీ పెట్టెలోకి పోయేది కాదు, కిటికీలోంచి బయటికి విసిరెయ్యమనేవాడు. రెండు నిమ్మకాయలు దండగయ్యాక నాకు సుద్దముక్క పెట్టడం మొదలుపెట్టాడు. సుద్దముక్కయితే పోయినా ఫరవాలేదు గదా!

అప్పుడు నాకు కోపం రాలేదు. అదే నాకిప్పుడు ఎక్కువ కోపం. ఇచ్చానని ఆయనంటే ఇచ్చాడనే నేనూ అన్నాను. పైగా పాఠం నాకు అందరికంటే ముందు పట్టుబడిందని సంబరం. హాస్టలు అరుగు మీద కూర్చుని నా సొంత వాక్యాలు కట్టుకునేవాణ్ణి. మా అమ్మ నాకు సంగటి పెట్టింది. మా నాయన నాకు పలక ఇచ్చాడు. ఉపదేశి నాకు పుస్తకం ఇచ్చాడు. అమ్మ సంగటి ముద్ద ఎప్పుడూ నా అరచేతిలోనే పెట్టేది, వేడిగా ఉందేమోనని తను ముందు ఊది. రోజుకు ఇరవై ముప్పై వాక్యాలు రాసి, ఏది డైరెక్టో ఏది ఇన్‌డైరెక్టో కింద గీతలు గీసేవాణ్ణి. ఆ వాక్యాల్లో బడి మాత్రం ఎప్పుడూ రాలేదు. ఎందుకు రాలేదో నేను ఆలోచించలేదు.

సంవత్సరం చివర్లో స్కూళ్ళ ఇన్స్పెక్టరు వస్తున్నాడని కబురు వచ్చింది. బడికి సున్నాలు కొట్టారు. వాకిట్లో నీళ్ళు చల్లించారు. ఇంగ్లీషు పంతులు మా చేత నిమ్మకాయ పాఠం మూడు రోజులు తిరగా మరగా చేయించాడు. ఇన్స్పెక్టరు ఎట్లాంటి మనిషో ఎవరికీ తెలీదు. ఉత్తరువుల్ని గట్టిగా పట్టించుకునే మనిషయితే ఇబ్బంది గదా. అందుకని ఆ పొద్దున హెడ్మాస్టరు వచ్చి తలుపు పక్క నా పీట తీయించాడు, ముక్కాలిపీట తీయించాడు, నన్ను చివరి బెంచీ కొసన కూర్చోమన్నాడు. ఆ బెంచీ మీదున్న కాపుల పిల్లవాడు జరిగి జరిగి అవతలి కొసకు పోయాడు. మూడేళ్ళలో నేను బెంచీ మీద కూర్చోవడం అదే మొదలు. నాకు బాగానే ఉంది. ఎవరి కోసం ఈ మర్యాదో అని ఒక్క క్షణం కూడా అనుకోలేదు.

ఇన్స్పెక్టరు కోటూ తలపాగాతో వచ్చాడు. మన దేశం మనిషే, మద్రాసు నుంచి వచ్చాడన్నారు. పాఠం చూసి ముచ్చటపడ్డాడు. ఇంగ్లీషు పంతుల్ని మెచ్చుకుని, "నేనూ ఒకసారి చేసి చూస్తాను" అని ఇంగ్లీషులో అని, బెంచీల మధ్య నడుచుకుంటూ వెనక్కి వచ్చాడు. నా దగ్గర ఆగాడు. జేబులోంచి ఫౌంటెన్ పెన్ను తీశాడు. నల్లటి పెన్ను, మూతకు బంగారు రంగు పట్టీ. ఆ మూత తీసి పెన్ను వెనక తగిలించాడు. చెయ్యి నా ఎదురుగా చాపి, "ఐ గివ్ యూ మై పెన్" అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. చెయ్యి చాపి ఆ పెన్ను పట్టుకోవాలి, అంతే. మూడు రోజులుగా మిగతా పిల్లలు చేస్తున్నది చూస్తూనే ఉన్నాను. కానీ నా నడుం వంగిపోయింది. రెండు చేతులూ దోసిలి అయి మోకాళ్ళ కిందికి పోయాయి. తల కిందికి వాలింది. ఆయన పెన్ను నేను పట్టుకుంటాననుకుని వదిలేశాడు. అది నా వేళ్ళకు తగిలి, నాపరాయి నేల మీద పాళీ కిందుగా పడింది. నేను పెన్ను తీసి చూసేసరికి పాళీ వంకర పోయి ఉంది. తరగతంతా గొల్లుమన్నది.

ఇన్స్పెక్టరు ముఖం చిట్లించి, "ఈ కుర్రవాడికి తీసుకో అంటే అర్థం కాదా?" అని పంతుల్ని అడిగాడు.

నేనెందుకు వంగానో పంతులికి తెలుసు. హెడ్మాస్టరుకు తెలుసు. నవ్విన నలభై మందికీ తెలుసు. ఆ గదిలో తెలియనివాడు ఒక్క ఇన్స్పెక్టరే. పంతులు చేతులు కట్టుకుని, "ఎక్స్క్యూజ్ హిమ్ సార్, వీడు ఇంగ్లీషులో కాస్త మందం" అన్నాడు.

మందం! రోజుకు ముప్పై వాక్యాలు రాసుకునే నేను మందం. ఆ ఒక్క మాటతో నా ఫోర్తు ఫారం పోయిందనుకున్నాను. ఒళ్ళంతా ఒక్కసారిగా వేడెక్కింది. భయం ఎక్కడికి పోయిందో తెలీదు. "నాకు ఇంగ్లీషు వచ్చు సార్" అని ఇంగ్లీషులోనే అన్నాను.

ఇన్స్పెక్టరు నా వైపు తిరిగాడు. అయితే తను అన్న వాక్యంలో ఆబ్జెక్టులు చెప్పమన్నాడు. పెన్ను డైరెక్టు, నేను ఇన్‌డైరెక్టు అన్నాను. ఇంకో వాక్యం చెప్పమన్నాడు. మా అమ్మ నాకు సంగటి పెట్టిందని చెప్పాను. సంగటి అంటే ఏమిటని అడిగాడు. రాగిపిండితో వండే ముద్ద అని ఇంగ్లీషులో చెప్పాను. ఆయన నవ్వాడు. నిజంగా సంతోషంగా నవ్వాడు. "ఇతణ్ణి పై ఫారంలోకి పంపించాల్సిందే" అన్నాడు. చెయ్యి నా భుజం మీదికి వస్తోంది. నాకింకా గుర్తు, ఆ చేతికి ఒక ఉంగరం ఉంది.

అప్పుడు హెడ్మాస్టరు ముందుకొచ్చి ఆయన చెవిలో ఏదో చెప్పాడు. మెల్లగా, ఇంగ్లీషులో చెప్పాడు. నేనెవరో చెప్పాడు. నాకు ప్రతి మాటా వినబడింది, ప్రతి మాటా అర్థమైంది.

ఇన్స్పెక్టరు "ఓ" అన్నాడు. భుజం దాకా వచ్చిన చెయ్యి అక్కడే ఆగి, వెనక్కి పోయి, కోటు జేబులో దూరింది. ఇంకో చెయ్యి కూడా రెండో జేబులోకి పోయింది. పెన్ను నా చేతిలోనే ఉంది. నేను దాన్ని కుడిచేత్తో ఆయన ముందుకు చాపి, "యువర్ పెన్, సార్" అన్నాను. ఈసారి వంగలేదు. ఆయన పెన్ను వంక చూశాడు, నా ముఖం వంక చూడలేదు. జేబుల్లోంచి చేతులు బయటికి రాలేదు. "కీప్ ఇట్, కీప్ ఇట్" అని గబగబా అని, తలుపు వైపు నడిచాడు. హెడ్మాస్టరు చప్పట్లు కొట్టాడు. పంతులు కొట్టాడు. తరగతంతా కొట్టింది.

నిమ్మకాయ కిటికీలోంచి బయటికి పోయింది, పెన్ను నా చేతిలో ఉండిపోయింది. అంతకు మించి తేడా ఏముంది? నేను ముట్టుకున్నది ఆయనకు పనికిరాలేదు. దానికి ఇన్ని చప్పట్లు! నా చేతిలో ఆ పెన్ను నిప్పుకణికలా ఉంది. విసిరికొట్టాలనిపించింది. విసరలేదు. చివరి బెంచీ కొసన నిలబడి, నోరు మూసుకుని, ఆ చప్పట్లు అయ్యేదాకా ఉన్నాను.

మర్నాడు ప్రార్థన దగ్గర హెడ్మాస్టరు పెద్ద ఉపన్యాసమిచ్చాడు. ఇన్స్పెక్టరు గారి ఔదార్యం ఎంత గొప్పదో, ఒక బీద విద్యార్థికి తన సొంత పెన్ను ఎట్లా బహూకరించారో చెప్పాడు. నా పీట అప్పటికే తలుపు పక్కకు తిరిగొచ్చింది. మొదటి పీరియడు ఇంగ్లీషే. పంతులు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాడు. ది ఇన్స్పెక్టర్ గేవ్ ది బాయ్ ఎ పెన్. నన్ను లేవమన్నాడు. ఏమిచ్చాడో, ఎవరికిచ్చాడో చెప్పమన్నాడు.

చెప్పలేదు. ఆయన మళ్ళీ అడిగాడు. "హీ డిడ్ నాట్ గివ్, సార్" అన్నాను.

పంతులు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఏవన్నావు?"

"ఆయన ఇయ్యలేదు సార్. నేను తిరిగిస్తే తీసుకోలేదు, అంతే."

ఆయన బెత్తం తీసుకోలేదు. బెత్తం తీసుకున్నా బాగుండేది. చాలా నెమ్మదిగా, పాఠం చెప్పే గొంతుతో అన్నాడు: "వాక్యంలో ఉన్నదానికి జవాబు చెప్పు. జరిగిందేవిటో నిన్నెవరడిగారు?"

ఇన్నేళ్ళలో నాకు ఎన్నో మాటలు పడ్డాయి. కులం పేరు పెట్టి తిట్టినవాళ్ళున్నారు. ఆ తిట్లన్నీ మర్చిపోయాను. ఈ మాట మాత్రం చెవిలోంచి పోలేదు. నిన్నెవరడిగారు! నా చెయ్యి, నా నడుం, నా పెన్ను. జరిగింది నాకు. నన్ను తప్ప ఇంకెవర్ని అడగాలి?

జవాబు చెప్పేదాకా నిలబడే ఉండమన్నాడు. ఆ రోజు నిలబడ్డాను. రెండో రోజూ ఆ వాక్యం బోర్డు మీద అట్లాగే ఉంది, చెరపొద్దని చెప్పాడట. రెండో రోజూ నిలబడ్డాను. బడి విడిచాక పంతులు వరండాలో పిలిచి చెప్పాడు. "ప్రమోషను లిస్టు ఎల్లుండి పోతుంది. ఇన్స్పెక్టరు గారు నోటితో అన్నారు, కాగితం మీద రాయలేదు. రాయాల్సింది నేను. వాక్యంలో ఆబ్జెక్టులే గుర్తుపట్టలేనివాణ్ణి ఎట్లా పంపమంటావు?" ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో కోపం కూడా లేదు. నిజంగానే నా బాగు కోరి చెప్తున్నాననుకున్నాడేమో.

బెంచీ జరిగిన కాపుల పిల్లవాడు దారిలో కలిసి, "చెప్పెయ్ రా, ఒక్క మాటే కదా, ఏం పోతాది" అన్నాడు. వాడు మంచివాడే. వాడికి ఏమీ పోదు మరి.

మూడో రోజు పొద్దున బావి దగ్గర అయ్యగారు నన్ను పట్టుకున్నాడు. సంగతి ఆయన దాకా పోయింది. "నువ్వు చెప్పేది నిజమే రా, నాయనా. కాదని నేననడం లేదు" అన్నాడు. "అయితే నీ యెనక ముగ్గురు పిల్లోళ్ళు ఉండారు. నువ్వు మొండికేసినావంటే రేపు మనోళ్ళను చేర్చుకోకుండా ఉండేదానికి ఇంకో సాకు దొరుకుతాది ఆళ్ళకు. ఆ బోర్డు మీద ఉండేది సుద్దతో రాసిన రాత. చెరిపేస్తే పోతాది. నీ ఏడాది పోతే రాదు. గనిలోకి పోతావా? మీ నాయన దగ్గు యినలేదా నువ్వు?"

విన్నాను. అందుకే బడికి పోయి, లేచి నిలబడి, చెప్పాను. పెన్ను డైరెక్ట్ ఆబ్జెక్టు, సార్. బాయ్ ఇన్‌డైరెక్ట్ ఆబ్జెక్టు, సార్. చాలా స్పష్టంగా, ఉచ్చారణ తప్పు లేకుండా చెప్పాను.

"గుడ్. సిట్ డౌన్" అన్నాడు పంతులు. బోర్డు తుడిచేసి కొత్త పాఠం మొదలుపెట్టాడు.

ఆ గుడ్ అన్న మాట నా మీద ఉమ్మినట్టు పడింది. అప్పటి నుంచీ ఎవరైనా నా ఇంగ్లీషును మెచ్చుకుంటే నాకు వినబడేది ఆ గొంతే. పంతులు మీద కోపం, హెడ్మాస్టరు మీద కోపం, జేబుల్లో చేతులు పెట్టుకున్న ఆ పెద్దమనిషి మీద మరీ కోపం. మొదటి ఇద్దరూ రోజూ చేసేదే చేశారు. ఆయన చెయ్యి మాత్రం భుజం దాకా వచ్చింది. వచ్చి వెనక్కి పోయింది. రాకపోయినా నేను బతికేవాణ్ణి.

ఫోర్తు ఫారంలోకి పంపారు. సెలవలిచ్చారు. నేను కంభం దాకా రైల్లో వచ్చి, అక్కడి నుంచి నడిచి పల్లె చేరేసరికి నా కంటే ముందు కబురు చేరిపోయింది. అయ్యగారు ఉపదేశికి ఉత్తరం రాశాడట. నాలుగో ఫారం సంగతితో పాటు, పెద్ద ఆఫీసరు పెన్ను బహుమానమిచ్చాడని కూడా రాశాడు. ఆయన మంచికే రాశాడు, పల్లె సంతోషిస్తుందని.

నాయన గనికి పోకుండా ఇంటి దగ్గరే ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. నాలుగో ఫారం సంగతి అడగలేదు. సంచి దించుకోనిచ్చి, దగ్గర కూర్చోబెట్టుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

"ఆ దొర పెన్ను నీ చేతికే ఇచ్చినాడంట రా?"

"ఔ నాయనా."

"చేతికేనా? పైనుంచి పడెయ్యలేదు కదా?"

నేను నేల వంక చూశాను. ఆయన కుడిచేతి వేళ్ళు రాయి చీల్చి చీల్చి కొసలు మొద్దుబారి ఉన్నాయి. ఆ వేళ్ళు నా మోకాలి మీద ఉన్నాయి. బడిలో రెండు రోజులు నిలబడినవాణ్ణి, ఇక్కడ ఒక్క నిమిషం నిలబడలేకపోయాను.

"లేదు నాయనా. చేతిలోనే పెట్టినాడు."

నాయన నా కుడిచెయ్యి తీసుకుని తిప్పి, అరచెయ్యి చూశాడు. అక్కడ ఏదో రాసి ఉన్నట్టు చాలాసేపు చూశాడు. అమ్మ వాకిట్లో నిలబడి ఏడ్చింది. నా మీద నాకు అంత కోపం అంతకు ముందు ఎప్పుడూ రాలేదు. కానీ ఆ కోపాన్ని వాళ్ళ ముందు పెట్టడానికి నాకు నోరు రాలేదు.

ఆ ఆదివారం మందిరంలో, దేవుడు తమకు చేసిన మేలు లేచి చెప్పుకునే సాక్ష్యాల వేళ, నాయన లేచాడు. ఎప్పుడూ నోరు విప్పే మనిషి కాదు. దగ్గు ఆపుకుంటూ చెప్పాడు. "నా తాత చేతికి ఎవురూ ఇయ్యలేదు. నా నాయన చేతికి ఇయ్యలేదు. నా చేతికీ ఇయ్యలేదు. దేవుని దయ వల్ల నా కొడుకు చేతికి పెద్ద దొర తన చేత్తో ఇచ్చినాడు. చేతిలో చెయ్యి పెట్టి ఇచ్చినాడు. లెయ్ రా, అందరికీ నీ చెయ్యి చూపించు."

లేచాను. కుడిచెయ్యి ఎత్తి చూపించాను. మందిరమంతా స్తోత్రం అన్నది.